వంకర మూతి మీద నిండు నవ్వు

"ఏదీ, ఒక్కసారి నవ్వండి బాబాయ్ గారూ" అంది ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి, అద్దం ఎదురుగా పట్టుకుని. మా చిన్నాన్న ప్రయత్నించాడు. ఎడమ పెదవి కొస చెవి దాకా సాగింది. కుడి కొస ఉలకలేదు, పలకలేదు. ఆయన అద్దాన్ని పక్కకు తోసేశాడు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గొంతే ఆయన ఆస్తి. మెదడు ఎడమ సగంలో రక్తనాళం పూడుకుపోయి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాటా పడిపోయింది.

ఆ సాయంత్రమే టీవీలో 'అహ నా పెళ్ళంట' వచ్చింది. కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ ఉత్తన్నం తినే చోట చిన్నాన్న పకపకా నవ్వాడు. కుడి పెదవి కూడా లేచింది. పిన్నీ నేనూ ఇద్దరం చూశాం. నవ్వు ఆగగానే మళ్లీ జారిపోయింది.

ఇందులో మాయేమీ లేదు. నాడీ వైద్యులు ఎప్పటినుంచో ఎరిగిన సంగతే. అడిగితే నవ్వే నవ్వుకు ఆజ్ఞ మెదడు పైపొర నుంచి వెళ్తుంది. తన్నుకొచ్చే నవ్వు లోతట్టు భాగాల నుంచి వేరే దారిలో ముఖానికి చేరుతుంది. మొదటి దారి తెగినా రెండోది మిగిలి ఉండవచ్చు. కొందరిలో ఇది తారుమారు కూడా అవుతుంది: అడిగితే నవ్వగలరు, నిజంగా నవ్వొచ్చినప్పుడు సగం ముఖమే విచ్చుకుంటుంది. దెబ్బ ఎక్కడ తగిలిందన్నదే తేడా.

అలాగని నవ్వు రక్తనాళంలోని గడ్డను కరిగించదు. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. నవ్వు పని ఆ తర్వాత మొదలవుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు దిగులు జబ్బులో పడతారు. కోలుకోవాలంటే ఒకే కదలికను వందలసార్లు చేయాలి, అప్పుడే మెదడులో మిగిలిన భాగాలు ఆ పని నేర్చుకుంటాయి. దిగులుపడ్డవాడు పదోసారికే ముఖం తిప్పేసుకుంటాడు. రేపు మళ్లీ చేద్దామన్న ఓపికను నవ్వు ఇస్తుంది. నా దృష్టిలో దాని అసలు విలువ అదే.

నవ్వును వ్యాయామంగా చేసిన సంప్రదాయం మన దేశంలోనే పుట్టింది. 1995 మార్చి 13న ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు ఒక పార్కులో మరో నలుగురితో కలిసి నవ్వుల క్లబ్బు పెట్టాడు. మొదట్లో జోకులు చెప్పుకునేవారు. కొద్దిరోజులకే మంచి జోకులు నిండుకున్నాయి, మొరటువి మొదలయ్యాయి. దాంతో జోకులే వదిలేసి, ఉత్తుత్తి నవ్వుతో మొదలుపెట్టి, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ నిజం నవ్వులోకి జారే పద్ధతి కనిపెట్టారు. యోగా నేర్పే ఆయన భార్య మాధురి దానికి ఊపిరి కసరత్తులు జోడించింది.

చప్పట్లు కొడుతూ "హో హో, హ హ హ" అనడంతో మొదలు. పక్షవాతం ఉన్నవాళ్లు కుర్చీలోనే కూర్చుని, మంచి చేత్తో పడిపోయిన చేతిని ఎత్తి చప్పట్లు కలుపుతారు. రెండు చేతులకూ పని. "హో" పొట్టలోంచి రావాలి. పీల్చే ఊపిరి కంటే వదిలే ఊపిరి పొడుగ్గా సాగాలి. ఎదుటివారికి నమస్కారం పెట్టి నవ్వడం, లేని ఫోను చెవిన పెట్టుకుని నవ్వడం తర్వాత వస్తాయి. సింహపు నవ్వులో కళ్లు పెద్దవి చేసి, నాలుక పూర్తిగా బయటికి చాపి గర్జిస్తూ నవ్వాలి. మాట నేర్పే థెరపిస్టులు కూడా నాలుకా పెదవులూ కదిలించే కసరత్తులే చేయిస్తారుగానీ, గదిలో ఒంటరిగా చేసేటప్పుడు ఇంత సరదా ఉండదు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు మెట్లుగా చెప్పాడు. పళ్లు కనబడనిది స్మితం, కొద్దిగా కనబడేది హసితం, అలా అతిహసితం దాకా. రోగిని స్మితం దగ్గర మొదలుపెట్టించి మెల్లగా పైకి తేవడమే మేలు.

బీపీ అదుపులో లేనివాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఇందులోకి దిగకూడదు. మింగడం కష్టమైనవాళ్లను అన్నం తింటుండగా నవ్వించకూడదు, పొలమారితే ప్రమాదం. ఇంకొకటి ఇళ్లలో బాగా అపార్థమయ్యేది: పక్షవాతం తర్వాత కొందరికి కారణం లేకుండా నవ్వో ఏడుపో పొంగుకొస్తుంది, ఆపుకోలేరు. చావింట్లో కూడా నవ్వేస్తారు. మతి చెడిందని నలుగురూ గుసగుసలాడతారు. అది జబ్బు లక్షణం, మందులున్నాయి. ఆ మనిషిని సిగ్గుపెట్టకండి.

నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది అర్థంలేని భాష. క్లబ్బుల్లో దాన్ని జిబ్బరిష్ అంటారు. మనం చిన్నప్పుడు మాట్లాడుకున్న క-భాష లాంటిది కాదు, దానికి అర్థం ఉండేది. ఇక్కడ నోటికి వచ్చిన శబ్దాలతో బేరాలాడాలి, పోట్లాడాలి, ఉపన్యాసం ఇవ్వాలి. మాట పడిపోయిన మనిషి ఇంట్లో రోజంతా ఓడిపోతూనే ఉంటాడు. నీళ్లు అడగబోతే ఇంకేదో శబ్దం వస్తుంది. ఈ ఆట సాగినంతసేపు మాత్రం ఎవరి దగ్గరా మాటల్లేవు. చేతులు, కనుబొమలు, గొంతులోని ఎత్తుపల్లాలే భాష. అందరూ ఆయన భాషలోకే వస్తారు.

మా పేట పార్కులోని నవ్వుల క్లబ్బులో చిన్నాన్నకి ఎదురుగా ఒక రిటైర్డ్ టీచరమ్మ వేళ్లు ఆడించి, చిల్లర అడుగుతున్నట్టు గద్దించింది. ఆయన మంచి చెయ్యి లేచింది. భుజాన లేని సంచీ తడుముకున్నాడు, గాలిలో టికెట్ చింపి ఆమె చేతిలో పెట్టాడు, "బబ్బబ్బ" అంటూ వెనక్కి జరగమని కసిరాడు. అందరూ విరగబడి నవ్వుతుంటే కుర్చీ చేతిని రెండుసార్లు చరిచి, స్పష్టంగా, "రైట్ రైట్" అన్నాడు. ఏళ్ల తరబడి నాలుకకు అలవాటైన మాటలు అలా ఉన్నట్టుండి ఊడిపడటం ఈ జబ్బులో ఉన్నదేనని తర్వాత డాక్టరు చెప్పారు.

ఇంటికొచ్చాక పిన్ని మళ్లీ అనమని బతిమాలింది. రాలేదు. మర్నాడు పొద్దున ఆరు కాకముందే చెప్పులు తొడిగించుకుని గుమ్మంలో కూర్చున్నాడు.