లెక్క ఏ ఏడాది నుంచి?

నాందేడ్ జిల్లాలోని ఉమ్రిలో ఏటా సెప్టెంబర్ 17న మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినంగా జెండా ఎగురుతుంది. అదే రైలు మార్గంలో ధర్మాబాద్, బాసర దాటి నిజామాబాద్ చేరేసరికి ఆ తేదీకి పేరు మారుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2022లో దానిని సమైక్యతా దినమన్నది, 2024లో ప్రజాపాలన దినోత్సవమన్నది. కేంద్రం విమోచన దినమంటున్నది. సరిహద్దుకు ఇరువైపులా బంధుత్వాలున్న తెలుగు కుటుంబాలలో ఈ ప్రస్తావన వస్తే వాదం ముదరడం సహజం. అయితే ఆ వాదంలో పాల్గొనేవారు కథను ఒక్కొక్కరు ఒక్కో సంవత్సరం నుంచి మొదలుపెడుతున్నారనీ, తీర్పులు వేరుపడటానికి మూలం అక్కడే ఉన్నదనీ గమనించేవారు తక్కువ.

చారిత్రక సందర్భమంటే ఒక సంఘటనను నాటి చట్టాలు, ఒప్పందాలు, భయాల మధ్య నిలబెట్టి చూడటం. ఉమ్రికే చెందిన ఒక ఉదంతం దీనికి తగిన పరీక్ష. 1948 జనవరి 30న, అంటే ఢిల్లీలో గాంధీ హత్య జరిగిన రోజుననే, హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ శిబిరాలకు చెందిన సాయుధ కార్యకర్తలు ఉమ్రిలోని బ్యాంకుపై దాడి చేసి, ఉద్యమం కోసం సొమ్ము ఎత్తుకెళ్ళారు. కథను ఆ రోజు నుంచే మొదలుపెడితే అది దోపిడీ తప్ప మరొకటి కాదు. రెండు నెలలు వెనక్కి జరిగి, 1947 నవంబర్ 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ కుదిరిన యథాతథ ఒప్పందం నుంచి చూస్తే, అంటే ఏడాది పాటు పాత సంబంధాలనే కొనసాగించాలన్న ఏర్పాటు నుంచి చూస్తే, దాడి చేసినవారు దానికి తూట్లు పొడిచినట్టు కనిపిస్తుంది. స్టేట్ కాంగ్రెస్‌ను నిషేధించిన 1938కి వెళ్ళి, అక్కడి నుంచి 1947 ఆగస్టులో దాని నాయకుడు స్వామి రామానంద తీర్థ అరెస్టునూ, లాతూరులో వకీలుగా ఉండిన ఖాసిం రజ్వీ నాయకత్వంలో నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లు పల్లెల మీద పడటాన్నీ వరుసగా చూసినవారికి, శాంతియుత మార్గాలన్నీ మూసుకుపోయిన చోట పుట్టిన చర్యగా అది అర్థమవుతుంది. అర్థం కావడం వేరు, సమర్థించడం వేరు. ఈ తేడాను చెరిపివేయడమే సగం గొడవలకు కారణం.

వెనక్కి వెళ్ళినంత మాత్రాన సరిపోదు, ముందుకూ నడవాలి. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగుబాటుతో కథ ముగిసిందనుకునేవారికి సుందర్‌లాల్ కమిటీ గుర్తుకు రాదు. నిజాంను లొంగదీసిన భారత సైనిక చర్య తరువాత ముస్లింలపై జరిగిన హింసను తెలుసుకోవడానికి భారత ప్రభుత్వం పంపిన ఆ బృందం, హైదరాబాద్ సంస్థానమంతటా 27 వేల నుంచి 40 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. అత్యధికంగా దెబ్బతిన్న నాలుగు జిల్లాలలో నాందేడ్ ఒకటి. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఉమ్రిలో ఒకే వీధిలో ఉండే రెండు కుటుంబాలలో ఒకరికి ఆ సెప్టెంబర్ ఊపిరి పీల్చుకున్న నెల, మరొకరికి ఇంటి పెద్దను పోగొట్టుకున్న నెల కావచ్చు. రజాకార్ల దౌర్జన్యాన్ని ఆ తరువాతి హత్యలకు చెల్లుగా చూపేవారూ, ఆ హత్యలను చూపి రజాకార్లను మరిపించేవారూ చేస్తున్న పని ఒక్కటే: తమకు అనువైన పేజీ దగ్గర పుస్తకం మూసేయడం.

పాత సంగతులు వదిలి నేటి సంగతికి వస్తే, 2019లో నాందేడ్ జిల్లాకు చెందిన కొందరు రైతులు, నాయకులు హైదరాబాద్ వెళ్ళి, తమ ప్రాంతాన్ని తెలంగాణలో కలపాలని కోరారు. తెలంగాణలో అంతకు ముందు ఏడాది మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం, సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వారిని ఆకర్షించిన మాట నిజమే. దీనిని ఉచితాల మీద ఆశగా కొట్టిపారేసేవారు 1953 నాటి నాగపూర్ ఒప్పందాన్ని మరిచిపోతున్నారు. మహారాష్ట్రలో కలిస్తే మరాఠ్వాడాకు అభివృద్ధిలోనూ ఉద్యోగాలలోనూ న్యాయమైన వాటా ఇస్తామని అందులో హామీ ఇచ్చారు. 1956 ఫిబ్రవరి 20న తెలంగాణకు పెద్దమనుషుల ఒప్పందం ఇచ్చిన హామీలూ ఆ కోవకు చెందినవే. ఒకే సంస్థానం ముక్కలైనప్పుడు రెండు ముక్కలకు దాదాపు ఒకే తరహా మాట దక్కింది; ఒక ముక్క 2014లో రాష్ట్రమయింది, రెండవది అభివృద్ధి మండలితో సరిపెట్టుకున్నది.

చరిత్రను పిలిచినంత మాత్రాన చర్చ బాగుపడుతుందన్న భరోసా లేదు. ఎదుటివారి నోరు మూయించడానికి మూడు వందల ఏళ్ళ నాటి సంగతిని తవ్వితీసేవారి దగ్గర అది దుడ్డుకర్రగా మారుతుంది. కాబట్టి వాదానికి ముందు అడగదగిన ప్రశ్న చిన్నదే: మీరు లెక్క ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నారు, అక్కడి నుంచే ఎందుకు? దీనికి సమాధానం దొరికితే అభిప్రాయాలు మారకపోవచ్చు గానీ, విభేదం ఏ చోట ఉన్నదో ఇద్దరికీ తెలుస్తుంది.

ఈ ప్రశ్న విలీనం కోరికకూ వర్తిస్తుంది కాబట్టి, సరిహద్దు గురించి మాట్లాడేవారు 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలోని మూడవ సెక్షన్‌ను ఒక్కసారైనా చదవాలి. దాని ప్రకారం నాందేడ్ జిల్లా నుంచి ముధోల్, భైంసా, కుబీర్, బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు, అంటే తాలూకాలలోని రెవెన్యూ విభాగాలు, ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఆదిలాబాద్ జిల్లా నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ అటు పోయాయి. ఇప్పుడు ఉమ్రి వైపు నుంచి విలీనం మాట ఎత్తేవారు, ఇటువైపు మరాఠీ ఇంటి భాషగా ఉన్న ముధోల్, భైంసా పల్లెలవారు రేపు అదే కోరిక కోరితే ఏమనాలో కూడా చెప్పవలసి ఉంటుంది.