జాషువా కాలి గండపెండేరము

ఉత్తరాండమానులోని డిగ్లీపూరు ప్రాంతమున వరిచేలను, కొబ్బరితోటలను చూచినవారికి ఆ నేల యొకప్పుడు కాఱడవి యని తోచదు. ఆ దీవుల యడవులలో చెట్లు నఱికి, దుంగలు లాగి, బాటలు వేసినవారిలో ఛోటానాగపూరు నుండి వచ్చిన ఒరావులు, ముండాలు, ఖరియాలు ముఖ్యులు. 1918 మొదలు వీరిని కూలిపనికై అండమానులకు తీసికొనివచ్చిరి. తెగ యేదైనను అక్కడ వారందఱికిని ‘రాంచీవారు’ అన్న పేరొక్కటే. దేశవిభజన పిమ్మట తూర్పు బెంగాలు కాందిశీకులకు ప్రభుత్వము భూములిచ్చినది. రాంచీవారిలో పెక్కురకు తాము సాగుచేసికొన్న నేలకు చాలకాలము పట్టాయే లేదు. వీరిలో క్రైస్తవులు అనేకులు. నీ ఘనతను వదలుకొనుము, అదియే వినయము అని ఆదివారమున బోధకుడు చెప్పునపుడు, వదలుకొనుటకు వీరి చేతిలో ఏమున్నది?

ఈ ప్రశ్న ఆ దీవితో ముగియదు. భారతీయ సాహిత్యమున క్రైస్తవ వినయమును పరిశీలింపగోరు విమర్శకుడు ముందుగా దీనికి జవాబు చెప్పుకొనవలెను. పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో తన వంశమును, గోత్రమును, ధర్మశాస్త్రనిష్ఠను వరుసగా లెక్కించి, పిమ్మట అన్నింటిని నష్టముగా ఎంచెను. ఎంచుటకు ఆయనకు అవి కలవు. మరాఠీ కవి నారాయణ వామన తిలకు (1861–1919) అట్టివాడే. ఉత్తమకులమనిపించుకొన్న బ్రాహ్మణవంశమున పుట్టి, 1895లో బాప్తిస్మము పొంది, కులగౌరవమును విడిచెను. 1917లో మిషను కొలువును కూడ విడిచెను. ఆయన త్యాగమునకు వెల యెంతయో తెలియుటకు ఆయన పద్యములు చాలవు. భార్య లక్ష్మీబాయి వ్రాసిన ‘స్మృతిచిత్రే’ చదువవలెను. భర్త ఉదారముగా ఇచ్చివేసినపుడు ఇంటిలో ఏమి మిగిలెనో ఆ యిల్లాలు నవ్వుచునే చెప్పును. ఆయన సగములో విడిచిన ‘క్రిస్తాయన’ కావ్యమును పూర్తిచేసినదియు ఆమెయే. అందు అధికభాగము ఆమె రచన. ఐనను ఆ కావ్యము పేరెత్తినంతనే మనకు స్ఫురించునది తిలకు పేరు. వినయమునకు ఉదాహరణముగా వీరిద్దఱిలో ఎవరిని చెప్పవలెనన్న, నేను ఆమెనే చెప్పుదును.

తెలుగున ఈ విచారము గుఱ్ఱము జాషువా (1895–1971) దగ్గఱ క్లిష్టమగును. ఆయన వినుకొండలో పుట్టెను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ కులమునకు చెందినది. పుట్టుకతో వచ్చిన ఘనత ఆయనకు లేదు సరికదా, పుట్టుకతో వచ్చిన అవమానము కలదు. ఉపాధ్యాయుడుగా బ్రదుకు నెట్టుకొనుచు పద్యవిద్యను పట్టుదలతో సాధించెను. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి మున్నగు బిరుదులందెను. అందిన గౌరవమును దాచుకొనలేదు. ఇది క్రైస్తవునకు తగునా యని పాఠకుడడుగవచ్చును.

‘గబ్బిలము’ (1941) చదివినవారు ఈ ప్రశ్నను అంత సులభముగా అడుగలేరు. కాళిదాసు యక్షుడు మేఘమును దూతగా పంపెను. అతనికి దూరమైన అలకాపురి కలదు, ఇల్లు కలదు, ఎదురుచూచు ఇల్లాలు కలదు. శాపము ముగిసిన నాడు అవి యన్నియు మరల అతనివే. జాషువా నాయకుడైన అరుంధతీసుతునకు దూరమైన సంపద యేదియు లేదు. ఎన్నడును చేతికి రానిది మాత్రమే కలదు. తనకు ప్రవేశములేని గుడిలోనికి గబ్బిలము పోగలదు గనుక, దానిచేత కాశీవిశ్వేశ్వరునకు తన మొఱ పంపుకొనును. అట్టివానికి వినయము బోధించుట యన, వంగియున్న మెడను మఱికొంత వంచుటయే. తల వంచుట వేఱు, తల వంపబడుట వేఱు. ఈ భేదమును పాటింపని విమర్శ జాషువా ఆత్మాభిమానమును దోషముగా లెక్కించును.

విజయవాడలో జరిగిన సన్మానమొకటి ఇక్కడ స్మరింపదగినది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు (1870–1950) తమ చేతులతో జాషువా కాలికి గండపెండేరము తొడిగిరి. తిరుపతి వేంకటకవులలో ఒకరు, అవధాన విద్యకు పర్యాయపదమైనవారు, ఎందఱో కవులకు గురువులు. తమకంటె ఇరువదియైదేండ్లు చిన్నవాడైన కవి పాదమును, అందునా సమాజము తాకరాదన్న పాదమును, ముట్టుకొనిరి. యోహాను సువార్తలో కడపటి భోజనమునాడు గురువు శిష్యుల కాళ్ళు కడిగిన ఘట్టము చదువరులకు జ్ఞప్తికి వచ్చియుండును. ఆనాడు తన పెద్దఱికమును వదలుకొన్నవాడు వేంకటశాస్త్రి. ఆయన క్రైస్తవుడు కాడు. క్రైస్తవుడైన జాషువా చేసినది కాలు ముందునకు చాచుట. అదియు తక్కువ పని కాదు. పేతురు సయితము మొదట తన కాళ్ళు కడుగనీయక అడ్డుచెప్పెను. ఇచ్చినదానిని పుచ్చుకొనుటకు ఆయన ఒక మందలింపు వినవలసివచ్చెను.

బిరుదులనేకములు అందిన పిమ్మటనే, అరువదియేండ్లు దాటిన వయస్సులోనే, జాషువా ‘క్రీస్తు చరిత్ర’ను వెలువరించెను. 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. వడ్రంగి యింట పెరిగి, ఏ పట్టమును లేక, పరుల కాళ్ళకడ కూర్చున్నవాని కథను చెప్పుటకు ఆ కవి తన పెండేరమును తీసి పక్కన పెట్టలేదు. దానిని ధరించిన కాలితోనే ఆ కథలోనికి నడచెను.