చెవిలోని యెముకలు – వాని పేళ్లు

శాస్త్రము తెలుగున నుండవలెనని కోరుట యొకటి; ఆ తెలుగు చదువరికి బోధపడవలెనని కోరుట వేఱొకటి. మన పాఠ్యపుస్తకములందు చెవిని గూర్చిన ప్రకరణమును ఈ రెండవ దృష్టితో పరిశీలింపగోరుచున్నాము.

నడిమి చెవియందలి మూడు చిన్న యెముకలకు మనవారు కూటకము, దాగలి, అంకవన్నె యని పేళ్లిడిరి. యూరపునందు మొదటి రెంటిని సుత్తెతోను దాగలితోను పోల్చినవాడు వెసేలియస్. అది 1543 నాటి మాట. మూడవది యించుమించు 3 మిల్లీమీటర్ల యెముక. దానిని 1546లో నేపుల్సునందు ఇంగ్రాసియా గుర్తించెను. రౌతు కాలుమోపు రికాబు పేరే దానికి వచ్చినది. ప్రాచీన రోమకులకు రికాబు లేదు. కావున లాటినున ఆ పదము మధ్యయుగమున గల్పింపబడినదే. పండితులును తాము చూచిన వస్తువునుబట్టియే పేరిడిరనుటకు ఇది నిదర్శనము.

మన పేళ్లలో దాగలి మిక్కిలి మేలైన యెన్నిక. నిర్మల్ జిల్లా ఖానాపూరు సీమలో కమ్మరి కొలిమి నెఱిగిన బాలునకు దానిని వివరింప నక్కఱలేదు. ఒకప్పుడు ఉక్కునకు పేరొందిన కోనసముద్రము ఆ సీమకు మిక్కిలి దూరము గాదు. కాని దాగలి ప్రక్కన కూటకమేల? సుత్తె చాలదా? అంకవన్నె పాత మాటయే; నేడది నిఘంటువులందు నిద్రించుచున్నది. రికాబు ఉర్దూనుండి వచ్చి మన నోట నలిగిన మాట. వచ్చిన త్రోవ నెంచి దానిని వెలివేయుట న్యాయముగా మాకు దోపదు.

1918లో నారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యమును సైతము ఉర్దూలో బోధించెను. ఆనాడు తెలుగు బాలునకు స్వభాషలో నున్నతవిద్య లేదు. ఆ కొఱత దీర్చుటకే 1968లో తెలుగు అకాడమి యేర్పడెను. కరీంనగరు సీమవారైన పి. వి. నరసింహారావుగారు దానికి అధ్యక్షులైరి. ఆ సంస్థ చేసిన సేవను మేము తక్కువ చేయము. అయినను పరభాషను తొలగించి, అంతే కఠినమైన తెలుగును ఆ స్థానమున నిలుపుట సంస్కరణము గాదు.

లోచెవిని తనలో నిముడ్చుకొన్న యెముకను హిందీలో శంఖాస్థి యందురు. సంస్కృతమున శంఖమనగా కణత యను అర్థమును గలదు. సుశ్రుతుని యెముకల లెక్కయందును ఆ మాట కానవచ్చును. కాని తెలుగు చదువరికి శంఖమన నూదెడు శంఖమే. పైగా లోచెవియందే నత్తగుల్లవలె చుట్టుకొన్న కర్ణావర్తము వేఱుగా నున్నది. శంఖాస్థి యనగానే బాలుడు దానినే తలచును. కణత యెముక యన్నచో ఈ భ్రాంతి కెడము లేదు. అందు లోచెవిని పొదిగిన భాగము దేహమందలి మిక్కిలి గట్టి యెముకలలో నొకటి. దానిని ఱాతిభాగ మన్నచో పేరే గుణమును దెల్పును.

ఇది వట్టి మాటల పట్టింపు గాదు. బిడ్డ చెవిలో చీము కారుచుండ, పెద్దయైన తగ్గునులే యని నూనెచుక్క వేసి యూరకుండు ఇండ్లు నేటికిని గలవు. ఆ చీము చెవి వెనుక యెముకకు ప్రాకవచ్చును. ఆ చిన్న యెముకలను దిని చెవుడు గలిగింపవచ్చును. ఈ సంగతి తనకు దెలిసిన మాటలలో జదివిన తల్లి వైద్యునియొద్దకు బోవుటకు జాగు చేయదు. కావున రాబోవు కూర్పులందైనను పారిభాషిక పదము ప్రక్కనే వాడుక మాటను గూడ ముద్రింపవలసినదిగా గ్రంథకర్తలను కోరుచున్నాము.