ప్రేమాభిషేకం, ఇవాన్ ఇల్యిచ్, మా అమ్మ

1981లో 'ప్రేమాభిషేకం' చూసినపుడు నాకు పదేళ్ళు. చిత్తూరులో మేనమామగారింటికి వెళ్ళినపుడు చూశాం. మరుసటి యేడు అదే కథ 'వాళ్వే మాయం' అనే పేరుతో మా కోయంబత్తూరుకు తమిళంలో వచ్చింది. రెండుసార్లూ అమ్మ నా పక్కన కూర్చుని కొంగు తడిసేలా ఏడ్చింది. అక్కినేని అయినా, కమలహాసన్ అయినా చేసేదొక్కటే. తనకు కాన్సరని తెలియగానే ప్రేమించిన పిల్లకు ఆ మాట చెప్పడు. చెడిపోయినవాడిలా నటించి ఆమె చేత అసహ్యించుకోబడతాడు. ఆ అబద్ధాన్ని దాసరి త్యాగమన్నారు. మనమూ అలాగే నమ్మి ఇంటికొచ్చాం.

టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' దీనికి సరిగ్గా ఎదురు. ఆ జడ్జీగారి జబ్బు పేరు రచయిత ఎక్కడా చెప్పడు. నొప్పికంటె ఆయన్ను ఎక్కువగా హింసించేది, మందు తింటే తగ్గిపోతుందని ఇంట్లోవాళ్ళంతా ఆడే నాటకం. ఆ నాటకంలో చేరనివాడు పనివాడు గెరాసిం ఒక్కడే. మలం పాత్ర శుభ్రం చేస్తాడు, యజమాని కాళ్ళు తన భుజాలమీద ఎత్తి పెట్టుకుంటాడు, చావు సంగతి దాచడు.

ఇది కాలేజీలో చదివి మెచ్చుకున్నవాణ్ణే, అమ్మ దగ్గర మాత్రం దాసరి పక్షం వహించాను. రొమ్ము కాన్సర్ ఎముకలకు పాకింది, ఇక ఇంట్లోనే చూసుకోమన్నారు. 'వాతం' అని చెప్పాను. రిపోర్టులు బీరువాలో పెట్టి తాళం వేశాను, మార్ఫిన్ మాత్రల అట్టమీద పేరు చించేశాను. నాలుగు గంటలకొకటి తప్పకుండా పడాలి. వాతానికిన్ని మాత్రలెందుకని అమ్మ కొన్ని దిండు కింద దాచేది. తెల్లవారేసరికి మూలుగు. మందు పనిచేయడంలేదని డాక్టరుతో నేను వాదన. దుప్పటి మార్చేటపుడు నాలుగు మాత్రలు కిందపడ్డాయి.

"నాగేశ్వరరావుకొచ్చిందేగదా నాయనా, నాకూ?" అంది.

అవునన్నాను. ఆరోజునుంచి గంట చూసి మాత్ర తానే అడిగింది. సినిమాను ఇన్నేళ్ళు ఎగతాళి చేసిన నేను ఒకటి ఒప్పుకోవాలి, అమ్మ ఆ మాట అడగడానికి దారి చూపింది ఆ సినిమాయే.

టాల్‌స్టాయ్‌తో కూడా నాకొక తగాదా ఉంది. భర్త మంచంమీద ఉండగా సారా బెర్నార్డ్ నాటకానికి వెళ్ళే భార్యను ఆయన క్షమించడు. మొదటిసారి చదివినపుడు నేనూ క్షమించలేదు. ఒక సాయంత్రం అమ్మను చెల్లెలికి అప్పగించి స్నేహితుడి కూతురి రిసెప్షన్‌కు వెళ్ళి, రెండు ఐస్‌క్రీములు తిన్నాను. మళ్ళీ చదివితే ఆ భార్యమీద మునుపటి కోపం రాలేదు. గెరాసిం వయసులో ఉన్నవాడు, పొద్దున్నే పదింటికి కౌంటరు తెరవాల్సిన పని లేదు. భార్య ఎన్ని రాత్రులు మేలుకుందో రచయిత లెక్క కట్టలేదు. మన సినిమాల్లోనైతే దుప్పటి ఉతికేవాళ్ళే కనబడరు.

గెరాసింను చూసి నేనూ అమ్మ కాళ్ళు ఎత్తి పట్టుకోబోయాను. నొప్పి ఎక్కువైంది. "పుస్తకంలో ఉందా ఇది?" అని కసిరింది. పక్కకు తిప్పి మోకాళ్ళ మధ్య దిండు పెడితే నిద్రపోయింది.