ఆంగికమే ఆధారం: ‘ఈగ’ చిత్రంలో కీటకదేహం

తెలుగు విమర్శలో మానవేతర పాత్ర అనగానే నీతికథా సంప్రదాయం స్ఫురిస్తుంది. పంచతంత్రంలోని నక్క, కాకి మనిషి బుద్ధికి తొడిగిన వేషాలు. వాటి దేహధర్మాలతో కథకు పని తక్కువ. ఫిల్మ్‌నగర్ పరిశ్రమ నుండి వెలువడిన ఎస్.ఎస్. రాజమౌళి ‘ఈగ’ (2012) ఈ సంప్రదాయానికి కొనసాగింపా, దాని నుండి విడివడిన ప్రయోగమా అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

ఈ పరిశీలనకు చతుర్విధాభినయ సిద్ధాంతం ఉపకరిస్తుంది. హత్యకు గురైన నాని ఈగగా పుట్టిన క్షణం నుండి నాయకుడికి వాచికం లేదు. అది తరువాత రాతరూపంలో మాత్రమే తిరిగి వస్తుంది. ఈగకు కన్నీరు లేదు. తానెవరో తెలపడానికి నాయిక బిందు కన్నీటినే సిరాగా చేసుకుంటుంది. అంటే సాత్త్వికం ఎరువు తెచ్చుకున్నదే. మందుపొగను తట్టుకునే ముసుగును సూక్ష్మకళాకారిణి అయిన బిందుయే తయారు చేస్తుంది కనుక ఆహార్యమూ పరాయిదే. ఈగకు సొంతంగా మిగిలింది ఆంగికమొక్కటే. అందులోనూ కళ్ళే ప్రధానభాగమైన ఆ ముఖానికి కనుబొమలు, పెదవుల కదలిక లేదు. భావభారమంతా రెక్కలు, కాళ్ళ మీదే పడింది.

తొలిసారి ఎగరడంలోని తడబాటు, మామూలు వస్తువులు కొండంతలై కనిపించే దృష్టి అద్భుత రసానికి ఆలంబనలు కావడం ఇందువల్లనే. అక్కడ ప్రకృతిశాస్త్ర పరిశీలనే రసపోషణ చేసింది. 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగానే గాక మకుట సంస్థ దృశ్యప్రభావాలకు కూడా గుర్తింపు లభించడం ఈ కృషికి తగినదే.

లఘుచిత్ర చరిత్రలో దీనికి రెండు కొసలున్నాయి. స్టారెవిచ్ 1912లో నిజమైన కీటకదేహాలతో తీసిన ‘కెమెరామన్ ప్రతీకారం’ మానవ దాంపత్య కలహాన్నే ఆడించింది. బ్రాకేజ్ 1963లో చిమ్మెట రెక్కలను, ఆకులను అతికించి కెమెరా లేకుండా రూపొందించిన ‘మాత్‌లైట్’ పాత్రనే తొలగించింది. ‘ఈగ’ ఈ రెండింటికి నడుమ నిలుస్తుంది.

అయితే ప్రతీకారం బిగిసేకొద్దీ చిత్రం మొదటి కొస వైపే ఒరిగింది. ఈగ ఆయుష్షు కొద్ది వారాలే. ఆ అల్పాయువు కథలో విషాదకారణం కావలసింది. మరో పునర్జన్మ దానిని దాటవేసింది. తారాబలం, ప్రతీకార కథ అవసరం లేని ప్రయోగాత్మక లఘుచిత్రానికి అక్కడే అవకాశముంది. 1998లో జాతీయ ఉద్యానమైన కాసు బ్రహ్మానందరెడ్డి వనం జూబ్లీహిల్స్‌ను ఆనుకొనే ఉన్నది. కీటకాన్ని ప్రతీకగా చదవడానికి ముందు దేహంగా చదవడం మన విమర్శకూ అవసరమే.