గర్భగుడి బయట నిలిచిన కెమెరా: భద్రాచలం ఛాయాచిత్రాల్లో గుడి, వీధి, అడవి

దేవాలయ ఛాయాచిత్రాన్ని తెలుగు విమర్శ ఎక్కువగా శిల్పచరిత్రకు ఉపకరణంగానే స్వీకరించింది. వీధి ఛాయాచిత్రం ఆ కోవకు చెందదు. ముందుగా అమర్చుకోని దృశ్యం, ఎదుటివారు సిద్ధపడకముందే పడే చూపు దాని ముడిసరుకు. హెన్రీ కార్టియర్ బ్రెసన్ 1952 నాటి సంపుటితో ప్రచారంలోకి వచ్చిన 'నిర్ణాయక క్షణం' అన్న భావననే ఈ కళకు గీటురాయిగా వాడడం పరిపాటి. భద్రాచలం చిత్రాలను పరిశీలించేటప్పుడు ఆ గీటురాయి చాలదు. అక్కడ చిత్రార్థాన్ని క్షణం కంటె స్థానం ఎక్కువగా నిర్ణయిస్తుంది: ఛాయాగ్రాహకుడు ఎక్కడ నిలబడ్డాడు, ఎవరికి వీపు పెట్టాడు అన్నవి ముందు అడగవలసిన ప్రశ్నలు.

గర్భాలయంలో కెమెరాకు ప్రవేశం లేదు. కాబట్టి మూలమూర్తిని తీయలేని కెమెరా మెట్ల మీదికి, రాజవీధికి, గోదావరి రేవుకు మరలుతుంది. ఒక విధంగా నిషేధమే ఇక్కడ వీధి ఛాయాచిత్రానికి ప్రేరకమైంది. అయితే వీధిలోకి వచ్చిన కెమెరా వీధిని చూసిందా అన్నది సందేహమే. శ్రీరామనవమి కల్యాణ చిత్రాలు దీనికి మంచి ఉదాహరణ. మిథిలా ప్రాంగణంలోని వేదిక, ముత్యాల తలంబ్రాలు, ప్రభుత్వ లాంఛనాలు ఏటా దాదాపు ఒకే కోణంలో పత్రికలకెక్కుతాయి. తలంబ్రాల కోసం నెలల తరబడి వడ్లను గోటితో ఒలిచిన చేతులు ఆ చట్రానికి వెలుపలే ఉండిపోతాయి.

స్థలపురాణం ఇంతకంటె ఉదారమైనది. పుట్టలో వెలసిన మూర్తులను మొదట గుర్తించి, పందిరి వేసి, తాటిపండు నివేదించినది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని అది చెబుతుంది. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న కట్టించిన గుడి కథలో ఆమె తరువాతి స్థానం ఆయనది. గుడి ఛాయాచిత్రాల్లో ఈ క్రమం తలకిందులైంది. అడ్డాకులో, తేనెసీసాలో, వెదురుబుట్టలో అమ్ముకొనే కోయ స్త్రీ గోపురానికి ముందు ఒక రంగుమచ్చగా మిగులుతుంది. చిత్రం కింద గోపురానికి పేరుంటుంది, ఆమెకుండదు.

అడవివైపు నుంచి వచ్చిన చిత్రసంపుటి లేకపోలేదు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పాపికొండల ప్రాంతపు కొండరెడ్లపై 1945లో గ్రంథం ప్రచురించాడు. పోడు వ్యవసాయం, వెదురు కూపుల కూలి, అడవి కంట్రాక్టర్ల దోపిడి అందులో ప్రధానాంశాలు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో భద్రపడి ఉన్నాయి. వాటి విలువ కాదనరానిది. వాటి పరిమితీ అంతే స్పష్టం. మానవశాస్త్రజ్ఞుడి కెమెరాకు కొండరెడ్డి ఒక తెగకు ప్రతినిధి. సంతకు దిగివచ్చి బేరమాడే మనిషిగా, తిరునాళ్లలో తప్పిపోయిన బిడ్డను వెదికే తండ్రిగా అతణ్ణి చూడడం ఆ శాస్త్రం పని కాదు. యాత్రికుల చిత్రాల్లో అడవి లేదు, శాస్త్రజ్ఞుల చిత్రాల్లో వీధి లేదు. ఈ రెండు సంచయాలను పక్కపక్కన పెట్టి చదివే ప్రయత్నం జరగవలసే ఉంది.

తెలంగాణ పల్లె ఇళ్లను, తలుపులను, బతుకమ్మ ఆడే స్త్రీలను చిత్రించిన భరత్ భూషణ్ (మరణం 2022) ఈ సందర్భంలో స్మరణీయుడు. మామూలు గుమ్మాన్ని కూడా గోపురమంత శ్రద్ధతో చూడవచ్చునని ఆయన కృషి నిరూపించింది. ఆ శ్రద్ధ ఏటి ఒడ్డు వారపు సంతకు ఇంకా పూర్తిగా చేరలేదు.

ఒక్క సందర్భంలో మాత్రం చట్రం తనంత తానే విస్తరిస్తుంది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు గోదావరి పెరిగినప్పటి చిత్రాల్లో గుడి ఒక మూలకు ఒదిగిపోతుంది. మునిగిన వీధి, కరకట్ట, మూటలతో నిలిచిన మనుషులు మధ్యకు వస్తారు. ఇవి కళాదృష్టితో తీసినవి కావు, విలేఖరులు వార్త కోసం హడావుడిగా తీసినవి. అయినా గుడిని, వీధిని, ఏటిని, అడవి నుంచి తరలివచ్చిన వారిని ఒకే చట్రంలో నిలిపినవి ఇవే. నీరు తీయగానే కెమెరా మళ్లీ గోపురం వైపు తిరుగుతుంది.