ఫోనులో రవికల నమూనాలు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఒడ్డున కైకలూరు వీధుల్లో రవికలు కుట్టే ఆడవాళ్ళు ఫోనులో నమూనాలు సర్దుకునే తీరు మెచ్చుకోదగ్గ పనితనం. బొమ్మలు పోగేయడం ఎవరైనా చేస్తారు. వెతగ్గానే దొరికేలా విడదీయడంలోనే నేర్పంతా ఉంది. పింటరెస్ట్‌లో బోట్ నెక్కుకి ఒక బోర్డు, అందులోనే చేతులకీ వీపు తాళ్ళకీ వేరే విభాగాలు, ఫొటోకి జతగా లైనింగ్ ఎంత, ప్రిన్సెస్ కట్టా కటోరీయా అన్న గుర్తులు. పట్టుచీర అంచు పక్కన నమూనా పెట్టి చూపితే కత్తెర పడకముందే పెళ్ళికూతురి కోరిక తేలిపోతుంది. తెగిన పట్టు మళ్ళీ అతకదు కదా! బొమ్మ చూసి కుడితే సొంత ఊహ పోతుందంటారు కొందరు. నేనొప్పుకోను. ఫొటోలోని ఒళ్ళు వేరు, ఎదుటి మనిషి ఒళ్ళు వేరు. మెడ లోతు, భుజం, చంక కొలతలు టేపు పట్టి ఆ మనిషికి తగ్గట్టు మార్చేది కుట్టే ఆవిడే.